తిరుపతిలో డిసెంబరు ఎండ ఎటు నుంచి వస్తుందో ముందే చూసుకోవచ్చా?

మేడ మీద సోలార్ హీటర్ పెట్టిస్తున్నామని, పక్క అపార్ట్‌మెంట్ నీడ చలికాలంలో అడ్డం వస్తుందేమో ఎలా తెలుసుకోవాలని అడిగారు. స్టెల్లేరియంలో చూసుకోండి, ఏ ఊళ్లో ఏ వేళకి ఆకాశం ఎలా ఉంటుందో చూపించే సాఫ్ట్‌వేర్ అది. ఉచితమే, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

మేం తిరుపతిలో హీటర్ బిగించుకున్నది జూన్‌లో. బిగించినాయన మేడంతా తిరిగి, నీడే లేదన్నాడు. ఆ రోజు నిజంగానే లేదు. ధనుర్మాసం వచ్చేసరికి నీళ్లు గోరువెచ్చగా కూడా కాలేదు. తెల్లవారుజామున అమ్మ తలస్నానానికి మళ్లీ గ్యాస్ మీదే కాచాల్సి వచ్చింది. చాలా బాధేసింది.

అప్పుడు కూర్చుని స్టెల్లేరియంలో చూశాను. జూన్ 21న మన దగ్గర సూర్యుడు 66 డిగ్రీల దగ్గర (ఉత్తరం సున్నా, తూర్పు 90), అంటే తూర్పు నుంచి ఈశాన్యం వైపు జరిగి ఉదయిస్తాడు. మధ్యాహ్నానికి నడినెత్తి దాటి ఉత్తరానికి పోతాడు! డిసెంబరు 21న 114 డిగ్రీలు, ఆగ్నేయం వైపు. పక్క బిల్డింగ్ మాకు సరిగ్గా ఆగ్నేయంలోనే ఉంది.

ముందు ఎఫ్6 నొక్కి ఊరు సరిచూడండి. నెట్ కనెక్షన్‌ని బట్టి అదే ఊహించుకుంటుంది, నాకు హైదరాబాద్ చూపించింది. ఎఫ్5లో తేదీ, టైమ్ మార్చి సూర్యుడి మీద క్లిక్ చేస్తే అజిమత్, ఆల్టిట్యూడ్ కనిపిస్తాయి. మొదటిది ఉత్తరం నుంచి తూర్పు మీదుగా లెక్కపెట్టిన దిక్కు, రెండోది దిగంతం నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉన్నాడో.

డిసెంబరు 21 ఉదయం 9కి 128 డిగ్రీల దిక్కున, దాదాపు 30 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఆ ఎత్తులో 10 అడుగుల గోడకు 17 అడుగుల నీడ. పక్క బిల్డింగ్ మా మేడ కంటే 20 అడుగులు ఎత్తు, నీడ 35 అడుగులు వాయవ్యానికి సాగుతుంది. హీటర్ ఉన్నది 25 అడుగుల్లోనే. నైరుతి మూలకు మార్పించాం.

నమ్మకం కుదరక, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడని అది చూపించిన ఏప్రిల్ 26న కూడా పరీక్షించాను. 12 గంటల 10 నిమిషాలకు మేడ మీద పెట్టిన స్టీలు గ్లాసు నీడ దాని అంచు కిందే ఇమిడిపోయింది.

ఒక్కటి, స్టెల్లేరియంలో మన కొండలు ఉండవు. కొండ పక్కనే ఇల్లయితే ఎండ ఇంకా ముందే పోతుంది. మీ అపార్ట్‌మెంట్ ఏ దిక్కున ఉందో, మీ మేడ కంటే ఎన్ని అడుగులు ఎత్తో రాయండి, లెక్క చూసి చెప్తాను.