లేబర్ కమిషనర్ ఆర్డర్ మీద హైకోర్టుకు వెళ్లాలంటే: మా బావ కేసులో తెలిసిన సంగతులు

మీ తమ్ముడికి మిల్లులో వేళ్లు పోయాయనీ, లేబర్ ఆఫీసులో వచ్చిన పరిహారం తక్కువనీ, హైకోర్టుకు ఎలా వెళ్లాలనీ అడిగారు. మా బావ కోసం ఈ కాగితాలు పట్టుకుని తిరిగింది నేనే కాబట్టి చెబుతున్నాను.

ముందు ఆర్డర్ తేదీ చూడండి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం సెక్షన్ 30 కింద 60 రోజుల్లో అప్పీలు వేయాలి. ఆర్డర్ సర్టిఫైడ్ కాపీకి (ఆఫీసు ముద్ర వేసి ఇచ్చే నకలుకు) ఇవాళే అప్లై చేయండి. కాపీ తయారయ్యే రోజులు ఆ 60లో లెక్కకు రావు, మీరు అప్లై చేయకుండా గడిపిన రోజులు మాత్రం వస్తాయి. గడువు దాటితే సరైన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేయవచ్చు, కానీ అంతదాకా తెచ్చుకోకండి. వివాదంలో ఉన్న మొత్తం కనీసం 10,000 రూపాయలు ఉండాలి. 2017కు ముందు ఇది 300 ఉండేది.

అసలు కష్టం ఇక్కడ కాదు. హైకోర్టు కేసును మళ్లీ మొదటి నుంచి వినదు. చట్టానికి సంబంధించిన ముఖ్యమైన ప్రశ్న ఉంటేనే, అంటే లాయర్లు సబ్‌స్టాన్షియల్ క్వశ్చన్ ఆఫ్ లా అనేది ఉంటేనే, అప్పీలు నిలుస్తుంది. మా బావకు 35 ఏళ్లు, జీతం 15,000, కుడి బొటనవేలు పోయింది. జీతంలో 60 శాతం, దాన్ని వయసు ఫ్యాక్టర్ (ఆ వయసుకు చట్టంలో ఇచ్చిన సంఖ్య) 197.06తో గుణించి, అందులో చట్టం షెడ్యూల్లో బొటనవేలికి రాసిన 30 శాతం లెక్కిస్తే 5,32,062 వచ్చింది. బొటనవేలు లేనివాడు బస్తా ఎలా పట్టుకుంటాడు, 30 శాతమేంటని నేను లాయర్ దగ్గర గొడవపడ్డాను. డాక్టర్ సాక్ష్యం చూసి కమిషనర్ తేల్చినదాన్ని హైకోర్టు మామూలుగా కదపదని ఆయన ఓపిగ్గా చెప్పి, ఆర్డర్లో వడ్డీ పేరా చూపించారు. ఆర్డర్ వచ్చిన 30 రోజుల్లో కట్టకపోతేనే వడ్డీ అని ఉంది అందులో. సెక్షన్ 4ఎ ప్రకారం పరిహారం బాకీ పడిన రోజు నుంచి నెలలోగా చెల్లించకపోతే 12 శాతం వడ్డీ రావాలి. బాకీ పడేది ప్రమాదం జరిగిన రోజే అని 1975లోనే సుప్రీంకోర్టు నలుగురు జడ్జీల బెంచ్ చెప్పింది. ప్రమాదానికీ ఆర్డర్‌కూ మధ్య రెండున్నరేళ్లు గడిచాయి కాబట్టి లక్షన్నర పైగా పోయేది. ఇది చట్టానికి సంబంధించిన ప్రశ్నే కాబట్టి ఆ ఒక్క పాయింట్ మీద హైకోర్టులో సీఎంఏ (సివిల్ మిస్లేనియస్ అప్పీలు) వేశాం, గెలిచాం.

యజమానే అప్పీలు వేస్తే భయపడకండి. ఆర్డర్లోని మొత్తం కమిషనర్ దగ్గర డిపాజిట్ చేసినట్టు సర్టిఫికెట్ జతచేయందే ఆయన అప్పీలు చెల్లదు. ఆ కాగితం ఉందో లేదో మీ లాయర్‌ను మొదట చూడమనండి. హైకోర్టు స్టే లేకపోతే ఆ డబ్బు ఇమ్మని కమిషనర్‌ను అడగండి.

ఫీజు గురించి టెన్షన్ వద్దు. కార్మికులకు హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. తెలంగాణ వాళ్లయితే హైదరాబాద్, ఏపీ వాళ్లయితే అమరావతి.

ఇంకోటి, 2025 నవంబర్ 21 నుంచి ఈ 1923 చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. నేను చెప్పిందంతా పాత చట్టం కింద నడిచిన కేసు. ప్రమాదం ఆ తేదీకి ముందా తర్వాతా అన్నది లాయర్‌కు మొదటి మాటగా చెప్పండి. మీ ఆర్డర్లో వడ్డీ ఎప్పటి నుంచి అని రాశారో చూసి చెప్పండి, నాకు తెలిసినంత చెబుతాను.