దేవుని అర్రలోకి తంజావూరు పటం: రేకు అసలుదేనా, దీపం దగ్గర పెట్టొచ్చా?

కొత్తింటి దేవుని అర్రలో తంజావూరు పటం (బంగారు రేకు, రాళ్లు అతికించి చేసే దేవుడి బొమ్మ) పెట్టాలనుకుంటున్నాం, రేకు బంగారమేనని ఎట్లా తెలుస్తుంది, దీపం పొగకు పాడవుతుందా అని అడిగారు. మాది నల్లగొండ. మా ఇంట్లో అలాంటి పటం ఒకటి పాడైంది, ఇంకొకటి తొమ్మిదేళ్లుగా బాగుంది.

మొదటిది ఇక్కడే ఒక ఎగ్జిబిషన్‌లో కొన్నాం. వెన్నకృష్ణుడు. అద్దం పెడితే మెరుపు తగ్గుతుందని చెప్పి అద్దం లేకుండానే అమ్మారు. ప్రతి శుక్రవారం పటాలన్నీ తడిబట్టతో తుడిచి బొట్టు పెట్టడం అమ్మకు అలవాటు. నాలుగైదు వారాలకే కిరీటం దగ్గర ఉబ్బెత్తు పని మెత్తబడి, పాత గోడ సున్నంలా రాలింది. మిగిలిన రేకు ఏడాది తిరగకముందే నల్లబడింది. నా చేతులతోనే స్వామిని పాడుచేశానని అమ్మ ఏడ్చింది. తప్పు ఆమెది కాదని నాకు తర్వాత తెలిసింది.

తంజావూరు పెద్దగుడికి వెళ్లినప్పుడు పటాలు చేసేవాళ్ల ఇంట్లో కూర్చుని పని చూశాం, మా రెండో పటం అక్కడిదే. చెక్కకు గుడ్డ అంటించి, దాని మీద సుద్దపొడి, జిగురు కలిపి పూస్తారు. బొమ్మ గీసి, నగల చోట అదే ముద్దతో ఉబ్బెత్తుగా కట్టి, రాళ్లు పొదిగి, రేకు అతికిస్తారు. రంగులు చివరికి. అంటే బంగారం కింద ఉన్నదంతా నీళ్లు తగిలితే మెత్తబడి రాలే సుద్ద. వాళ్లు వాడే 22 క్యారెట్ల రేకు మాత్రం నల్లబడదు. నల్లబడేది ఇత్తడి లాంటి నకిలీ రేకు. ఆ ఇంటివాళ్లు మాతో తెలుగులోనే మాట్లాడారు! విజయనగరం పడిపోయాక తెలుగు నేల నుంచి అటు వెళ్లిన, రాజు కులానికి చెందిన చిత్రకారుల కుటుంబాలట. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

ఈ పటాలకు 2007-08లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్, అంటే ఆ ప్రాంతంలో చేసినవాటికే ఆ పేరు అన్న గుర్తింపు) వచ్చింది. కానీ ఆ పేరుతో అమ్మేవన్నీ అక్కడివి కావు. కొత్తలో కంటికి తేడా తెలియదు కూడా. అందుకే రేకు ఎన్ని క్యారెట్లో బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి నసిగితే అక్కడ కొనకండి. ఫ్రేమ్ కట్టకముందే ఒకసారి పటం చూపించమనండి. అద్దం తప్పకుండా ఉండాలి, అది ఉబ్బెత్తు పనికి తగలకుండా ఫ్రేమ్ లోతుగా ఉండాలి.

దీపం, అగరుబత్తీలు సరిగ్గా పటం కింద కాకుండా కాస్త పక్కకు పెట్టండి. అప్పుడు అద్దానికి పట్టే మసి పొడిబట్టతో పోతుంది. గోడ విషయంలో మాత్రం జాగ్రత్త. వానకు చెమ్మ పట్టే గోడ వద్దు. మన మే నెల ఎండకు కాగిపోయే పడమటి గోడ అసలే వద్దు, చెక్క వంగితే సుద్ద పగులుతుంది.

గృహప్రవేశం కార్తీకంలో అన్నారు కదా, ఆర్డర్ ఇప్పుడే చెప్పండి. పూత మీద పూత ఆరాలి, తొందరపెడితే పని చెడుతుంది. బొట్టు అంటారా, మా అమ్మ ఇప్పుడు అద్దం మీదే పెడుతోంది.