చెప్పే ముందు ఎవరినైనా అడిగారా?

ప్రశ్న: ఒక స్వచ్ఛంద సంస్థ కమ్యూనికేషన్స్ విభాగంలో ఈ మధ్యే చేరాను. రక్తదానం మీద రెండు వారాల్లో పెద్ద క్యాంపెయిన్ మొదలుపెట్టమన్నారు మా డైరెక్టర్ గారు. ముందు కాస్త రీసెర్చ్ చేద్దాం సార్ అంటే, "రక్తదానం మంచిదని అందరికీ తెలుసు, ఇందులో పరిశోధించడానికేముంది, పోస్టర్లు వేయించండి" అన్నారు. ఆయన్ను ఎలా ఒప్పించాలి?

జవాబు: మీరు వాడాల్సిన వాదన ఆయన మాటలోనే ఉంది. మంచిదని అందరికీ తెలిసినప్పుడు రావాల్సినవాళ్లు ఎందుకు రావడం లేదు? తెలియకపోవడం అసలు సమస్య కాదని ఆయనే ఒప్పుకున్నట్టు కదా, మరి తెలిసిన సంగతినే మళ్లీ చెప్పే పోస్టర్ ఏం మారుస్తుంది? సూదంటే భయం కావచ్చు. సెలవు దొరక్క కావచ్చు. ఒకసారి వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ తక్కువుందని వెనక్కి పంపేసి, మళ్లీ ఎప్పుడు రావాలో ఎవరూ చెప్పకపోయి ఉండొచ్చు. ఒక్కో కారణానికి ఒక్కో మందు. కొన్నిటికి మన దగ్గర అసలు మందే లేదు, ఎందుకంటే వచ్చినవాళ్లు రెండు గంటలు కూర్చోవాల్సి రావడమే కారణమైతే, పోస్టర్ ఎంత బాగా పనిచేస్తే ఆ నిరీక్షణ అంత పెరుగుతుంది.

ఆయన దగ్గర రీసెర్చ్ అనే మాట వాడకండి. ఆ మాట వినగానే మూడు నెలల టైమూ, ఎవరూ చదవని లావుపాటి రిపోర్టూ గుర్తొస్తాయి చాలామందికి. నాలుగు రోజులు ఇవ్వమని అడగండి చాలు. మొదటి రోజు దాతల రిజిస్టర్ ముందేసుకుని, ఒక్కసారి ఇచ్చి ఆగిపోయినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి. తరవాత రెండు రోజులు వాళ్లలో పది పన్నెండు మందికి ఫోన్ చేయండి. "మళ్లీ రక్తం ఇస్తారా?" అని మాత్రం అడగొద్దు, ఆ ప్రశ్నకు ఇస్తామనే అంటారు అందరూ. "పోయినసారి వద్దామనుకుని రాలేకపోయిన రోజున ఏం జరిగింది?" అని అడిగి, మధ్యలో అడ్డురాకుండా వినండి. నాలుగో రోజు ఫారం ఇచ్చే కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లతో మాట్లాడండి. జనం ఏ గడి దగ్గర ఆగిపోతారో, ఏ ప్రశ్నకు ఇబ్బంది పడతారో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, అయినా ప్లానింగ్ మీటింగుల్లోకి వాళ్లను పిలిచిన సంస్థలు నేను చాలా తక్కువ చూశాను.

డైరెక్టర్ గారికి ఒక ఉదాహరణ కూడా చెప్పండి. 1980లలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో హైవేల పక్కన చెత్త పెద్ద సమస్యగా ఉండేది. పరిసరాలను శుభ్రంగా ఉంచండి అని మర్యాదగా బతిమాలే బోర్డులతో పని జరగలేదు. అసలు చెత్త వేస్తున్నది ఎవరని చూస్తే, ఎక్కువగా కుర్రాళ్లు, యువకులైన మగవాళ్లు అని తేలింది. పర్యావరణం గురించి చెబితే వినేవాళ్లు కారు గానీ, తమ రాష్ట్రమంటే విపరీతమైన అభిమానం ఉన్నవాళ్లు. అందుకే వాళ్ల భాషలోనే "డోంట్ మెస్ విత్ టెక్సాస్" అన్నారు, అంటే టెక్సాస్ జోలికి రావొద్దని. మొదటి టీవీ ప్రకటన 1986 జనవరి 1న వచ్చింది, అందులో చెప్పింది ఆ రాష్ట్రం గిటారిస్టు స్టీవీ రే వాన్. తరవాతి కొన్నేళ్లలో రోడ్ల పక్కన చెత్త బాగా తగ్గింది. చెత్త వేసేదెవరో తెలుసుకోకుండా ఏసీ గదిలో కూర్చుని ఎన్ని నినాదాలు రాసినా ఆ మాట వచ్చేది కాదు.

ఇక ప్లాన్ ఒక్క పేజీ చాలు. ఎవరు, ఏం చేయాలి, ఎప్పటికల్లా, ఇప్పుడు లెక్క ఎంత ఉంది, ఈ నాలుగూ అందులో ఉండాలి. అవగాహన పెంచడం అని మాత్రం లక్ష్యంగా రాయకండి, అది నెరవేరిందో లేదో ఎప్పటికీ తేలదు. ఒకసారి ఇచ్చి ఆగిపోయిన దాతల్లో ఇంతమందిని ఆరు నెలల్లో మళ్లీ రప్పించాలి అని రాస్తే, పోస్టర్ కావాలో, ఫోన్ కాల్ కావాలో, శిబిరం టైమింగ్స్ మార్చాలో ఆ వాక్యమే మీకు చెబుతుంది.

ప్రశ్న: మా యాప్ పేరు మార్చే ముందు సోషల్ మీడియాలో సర్వే పెట్టాం. వేలల్లో జవాబులొచ్చాయి, ఎక్కువమంది కొత్త పేరే బాగుందన్నారు. తీరా మార్చాక పాత కస్టమర్లు తిట్టిపోస్తున్నారు. రీసెర్చ్ చేసినా ఇలా ఎందుకైంది?

జవాబు: రెండు తప్పులు జరిగి ఉంటాయి, రెండూ ఇంతకుముందు పెద్ద పెద్దవాళ్లు చేసినవే.

మొదటిది, ఎవరిని అడిగారన్నది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది, 23 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని రాసింది. గెలిచింది రూజ్‌వెల్ట్, అదీ 48 రాష్ట్రాల్లో 46 చోట్ల. అడ్రసులు చాలావరకు ఫోన్ డైరెక్టరీల నుంచి, కారు రిజిస్ట్రేషన్ల జాబితాల నుంచి తీసుకున్నారు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లంటే ఎవరో ఆలోచించండి. పైగా అందినవాళ్లలో ఓపిగ్గా తిరిగి పంపినవాళ్లే లెక్కలోకి వచ్చారు. అదే ఎన్నికల్లో జార్జ్ గాలప్ అనే సర్వే నిపుణుడు అంతకంటే ఎంతో చిన్న నమూనాతో విజేతను సరిగ్గా చెప్పాడు. మీ సర్వేకు జవాబిచ్చింది కూడా మీ పేజీని చూసే అలవాటున్నవాళ్లే. రోజూ పొద్దున్నే యాప్ తెరిచి పని చేసుకుని మూసేసే పాత కస్టమర్‌కు ఆ సర్వే సంగతే తెలిసి ఉండదు.

రెండోది, ఏం అడిగారన్నది. కోకాకోలా 1985 ఏప్రిల్ 23న తన పానీయం ఫార్ములా మార్చేముందు దాదాపు 2 లక్షల మందికి రుచి చూపించింది. కొత్తదే ఎక్కువమందికి నచ్చింది. అయితే నచ్చడం వేరు, అలవాటైన పాతది ఇక దొరకదంటే ఒప్పుకోవడం వేరు, ఆ రెండో సంగతిని రుచి పరీక్ష పట్టుకోలేకపోయింది. జనం అంత గొడవ చేస్తే 79 రోజులకు, జులై 11న, పాతదాన్ని వెనక్కి తెస్తున్నామని ప్రకటించాల్సి వచ్చింది. మీరు "ఈ పేరు ఎలా ఉంది?" అని అడిగారు. "మీరు వాడుతున్న పేరు రేపటి నుంచి ఉండదు, మీకెలా అనిపిస్తుంది?" అని అడగాల్సింది. ఇప్పుడైనా ఓ ఇరవై మంది పాత కస్టమర్లకు ఫోన్ చేయండి. కోపం పేరు మీదో, తమను అడగలేదనో, ఫోన్‌లో యాప్ ఎక్కడుందో దొరకడం లేదనో తెలుస్తుంది. చివరిదే అయితే మాత్రం కొత్త పేరు కింద పాత పేరు కొన్నాళ్లు చిన్నక్షరాల్లో ఉంచితే సగం టెన్షన్ తీరిపోతుంది.

ప్రశ్న: కరపత్రం ప్రింటింగ్‌కి ఇచ్చేముందు మా టీమ్‌లో ఐదుగురం చదువుతాం. అది సరిపోదా?

జవాబు: అచ్చుతప్పులకు సరిపోతుంది. అర్థమవుతుందా లేదా అన్నదానికి సరిపోదు, ఎందుకంటే ఐదుగురికీ అందులో ఏముందో ముందే తెలుసు.

చాలా ఏళ్ల కిందట ఒక ఆరోగ్య సంస్థకు రక్తపరీక్షల గురించి కరపత్రం రాశాను. "పరీక్షకు ముందు ఎనిమిది గంటలు ఏమీ తీసుకోవద్దు" అన్నది అందులో ఒక వాక్యం. డాక్టర్లు చూశారు, మేనేజర్ చూశారు, అందరూ ఓకే అన్నారు. ప్రింట్‌కి పంపబోతూ, ఎందుకో అనిపించి, వెయిటింగ్ హాల్లో కూర్చున్న ఒక పెద్దావిడ చేతికి ఆ కాగితం ఇచ్చి పక్కన కూర్చున్నాను. వేలు పెట్టి ఒక్కో పదం చదువుకుంటూ వచ్చారు. ఆ వాక్యం దగ్గర వేలు ఆగింది. సంచిలోంచి మాత్రల పొట్లం తీసి చూపించి, "అయితే పొద్దున్న బీపీ బిళ్ల కూడా వేసుకోకూడదన్నమాట, నీళ్లూ తాగకూడదా బాబూ?" అన్నారు. నా ఉద్దేశం భోజనం గురించి. నేను రాసిన పదంలో మాత్రలూ ఉన్నాయి, నీళ్లూ ఉన్నాయి, అంతమంది చదువుకున్నవాళ్లం ఒక్కరం చూడలేదు. డాక్టర్ గారిని మళ్లీ అడిగి, తినేవి ఏవి మానాలో, నీళ్ల సంగతేమిటో, రోజూ వేసుకునే మందుల గురించి ఎవరిని అడగాలో విడివిడిగా రాశాం. ఆ వేలు ఆగిన చోటు నాకు ఇప్పటికీ గుర్తే.

కాబట్టి ముగ్గురు నలుగురు బయటివాళ్లకు ఇవ్వండి. అర్థమైందా అని అడగొద్దు, అయిందంటారు. "ఇప్పుడు మీరేం చేస్తారో చెప్పండి" అనండి.

ప్రశ్న: రేపు ఏ సంక్షోభం వస్తుందో తెలియనప్పుడు దానికి కమ్యూనికేషన్ ప్లాన్ రాయడం దండగ కాదా?

జవాబు: రాసి, చదవకుండా వదిలేస్తే దండగే. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో బీపీ అనే చమురు సంస్థ బావి దగ్గర పేలుడు జరిగి 11 మంది చనిపోయాక, ఆ సంస్థ చమురు లీకేజీ ప్లాన్ తీసి చూస్తే కాపాడాల్సిన జంతువుల్లో వాల్రస్‌లు ఉన్నాయి. అవి మంచు సముద్రాల్లో బతికేవి, గల్ఫ్‌లో ఉండవు. సంప్రదించాల్సిన నిపుణుల్లో ఒకాయన అప్పటికే, 2005లోనే, చనిపోయారు. వందల పేజీల ప్లాన్ ఉంది, ఒక్కరైనా కూర్చుని చదివి, ఆ నంబర్లకు ఫోన్ చేసి చూసిన జాడ లేదు.

ఏం జరుగుతుందో ఊహించలేకపోయినా, జరిగినప్పుడు ఎవరు మాట్లాడాలి, ముందుగా ఎవరికి చెప్పాలి, రాత్రి రెండింటికి ఎవరి ఫోన్ మోగాలి అన్నవి ఇప్పుడే తేల్చుకోవచ్చు. బాధితుల కుటుంబాలకూ, సొంత ఉద్యోగులకూ టీవీ కంటే ముందు చెప్పాలన్నది కూడా రాసుకోండి. ఆరు నెలలకోసారి ఆ లిస్టులో ఉన్న ప్రతి నంబరుకూ ఫోన్ చేయండి.

ప్రశ్న: మా ఏజెన్సీ ప్రతి నెలా పేపర్ కటింగులు కొలిచి, అంత జాగాకు ప్రకటన వేస్తే ఎంతయ్యేదో లెక్కగట్టి అదే ఫలితం అంటోంది. నమ్మొచ్చా?

జవాబు: వద్దు. ప్రకటన ఖరీదు లెక్క కమ్యూనికేషన్ విలువను చెప్పదని 2010లోనే ఆ రంగంలో కొలతలు చూసే నిపుణులు బార్సిలోనా సూత్రాల్లో స్పష్టంగా రాసుకున్నారు. మీమీద విమర్శ వచ్చినా ఆ లెక్కలో లాభంగానే కనిపిస్తుంది. మీ ఉద్దేశం బిల్లు మీద ఫిర్యాదులు తగ్గించడమైతే ఫిర్యాదు కాల్స్ లెక్కపెట్టమనండి. క్యాంపెయిన్‌కు ముందు అవి ఎన్ని ఉండేవో రాసిపెట్టుకోలేదా? ఈ వారమే మీ కాల్ సెంటర్‌ను అడగండి, పాత నెలల లెక్క వాళ్ల దగ్గర ఉండే ఉంటుంది.