నురగ చూసే ఉద్యోగమా అని తీసిపారేయకండి

ప్రశ్న: మా అమ్మాయి బయోటెక్నాలజీలో ఎంటెక్ చేసింది. ఫెర్మెంటేషన్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం వచ్చింది. ట్యాంకులో నురగ పొంగకుండా చూసుకోవాలట! మాన్పించి ఏఐ డ్రగ్ డిస్కవరీ (ఏఐ సాయంతో కొత్త మందులు కనిపెట్టే) కోర్సులో చేర్చమంటారా? రెండిట్లో ఏది మేలు?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. మీరు రాసినదాంట్లో అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. బంధువులు అడిగితే ఏం చెప్పాలన్న బెంగే కనబడుతోంది. ఆ బెంగ మీది, దాన్ని ఆమె నెత్తిన రుద్దకండి.

ఇక నురగ సంగతి. ఫెర్మెంటేషన్ ప్లాంటులో పెద్ద ట్యాంకుల్లో సూక్ష్మజీవుల్ని పెంచి, వాటిచేత మందుల్లాంటివి తయారు చేయిస్తారు. ఆ సూక్ష్మజీవులకు ఆక్సిజన్ అందాలంటే ట్యాంకు అడుగు నుంచి గాలి పంపాలి. ద్రవంలోని ప్రోటీన్లు ఆ బుడగల్ని త్వరగా పగలనివ్వవు. నురగ పైకెక్కి, గాలి బయటికి పోయే ఫిల్టర్‌ను తడిపితే అది మూసుకుపోతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ తడి ఫిల్టర్ గుండా బయటి క్రిములు చేరి కంటామినేషన్ వస్తే బ్యాచ్ మొత్తం పారబోయాల్సిందే. నురగను అణిచే యాంటీఫోమ్ మందు పోస్తే పోలేదా అంటారేమో. పోస్తే నురగ అణుగుతుంది, కానీ చిన్న బుడగలు కలిసి పెద్దవై ఆక్సిజన్ కరగడం తగ్గొచ్చు. మోతాదు మించితే తర్వాత శుద్ధి చేసే దశలో మెంబ్రేన్లకు (వడపోత పొరలకు) పట్టేస్తుంది. పోనీ గాలి తగ్గిద్దామంటే కణాలకు ఊపిరాడదు. సెన్సార్‌కు మడ్డి పడితే లేని నురగను ఉన్నట్టు చూపిస్తుంది, పంపు యాంటీఫోమ్ పోస్తూనే ఉంటుంది. ఉన్నట్టుండి నురగ పెరిగితే కణాలు పగిలిపోతున్నాయేమోనని కూడా అనుమానించాలి. ఇవన్నీ కలిపి ఆలోచించడమే మీరు చిన్నచూపు చూస్తున్న ఆ పని.

ఏఐ మీద నాకు కోపం లేదు, ఆ రంగం నిజమైనదే. నా సందేహమల్లా కొన్ని నెలల సర్టిఫికెట్ల మీద. అక్కడ నిలబడేవాళ్లకు గణితమో, ప్రోగ్రామింగో, కెమిస్ట్రీనో లోతుగా వచ్చి ఉండాలి. పైగా కంప్యూటర్‌లో డిజైన్ చేసిన ప్రోటీన్‌నైనా చివరికి ట్యాంకులో కణాల చేతే తయారు చేయించాలి కదా! పైథాన్ ప్రోగ్రామింగ్ ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. ట్యాంకు పొంగుతుంటే ఏం చేయాలో ప్లాంటులోనే తెలుస్తుంది. ప్లాంటు తెలిసి డేటా కూడా చదవగలిగితే ఇంకా మంచిది. కాబట్టి టెన్షన్ పడకండి, చదువేమీ వృథా కాలేదు.

రాత్రి షిఫ్టులు కష్టమే, అది దాచను. రానూపోనూ ఏర్పాట్లేమిటో, తయారీ పద్ధతిని మెరుగుపరిచే ప్రాసెస్ డెవలప్‌మెంట్‌ విభాగంలోకి మారే వీలుందో లేదో ఆమెనే కనుక్కోమనండి. ఏడాది గడిచినా రీడింగులు రాయించడం తప్ప ఇంకేమీ చేయనివ్వకపోతే, అప్పుడు వేరే ప్లాంటు చూసుకోవచ్చు.