నల్లగొండ టాక్సీ పర్మిట్‌తో మాచర్ల, కర్నూలు, రాయచూరు వెళ్లొచ్చా?

ముందు పర్మిట్ కాగితంలో ఏరియా ఎక్కడిదాకా రాశారో చూడండి. తెలంగాణ మొత్తానికి ఇచ్చిందైతే మహబూబ్‌నగర్, హైదరాబాద్ ఎక్కడికైనా కిరాయికి పోవచ్చు. సాగర్ దాటి మాచర్ల వైపు వెళ్తే మాత్రం అది ఆంధ్రప్రదేశ్. అటు కర్నూలుకైనా, కర్ణాటకలోని రాయచూరుకైనా ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ కావాలి. కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్ పోర్టల్లో అప్లై చేయాలి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ట్యాక్స్‌లలో ఏది గడువు దాటినా పని అక్కడే ఆగుతుంది. ఏ పర్మిట్ ఉన్నా బస్సులా దారిపొడవునా మనుషుల్ని ఎక్కించుకుంటూ, దించుకుంటూ పోకూడదు.

తెల్ల ప్లేటు కారును, అంటే సొంత వాడకానికి రిజిస్టర్ చేసిన బండిని, దయచేసి కిరాయికి తిప్పకండి. పర్మిట్ లేకుండా దొరికితే మోటారు వాహనాల చట్టం 192-ఏ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు. యాక్సిడెంటైతే ఇంకా ఘోరం: కిరాయికి వాడారని తేలితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించొచ్చు, ఆ ఖర్చంతా ఓనరు నెత్తినే. లైసెన్సు సంగతి తేలికే, 7,500 కిలోల లోపు బండికి ఎల్‌ఎమ్‌వీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్సు చాలు.