డిప్రెషన్ ప్రకృతి ఇచ్చిన రక్షణే అయితే మందులెందుకు?

"డిప్రెషన్ జబ్బు కాదు, పరిణామక్రమంలో మనిషికి వచ్చిన రక్షణ. మన ఒళ్లు అడవిలో తిరగడానికి తయారైంది, ఫ్లాట్లో కూర్చోడానికి కాదు, అందుకే ఇదంతా" అని ఎక్కడో చదివి మీ తమ్ముడు మందులు మానేస్తానంటున్నాడని, ఇందులో నిజమెంతని అడిగారు.

ముందు మందుల సంగతి. డాక్టర్‌తో మాట్లాడకుండా మానొద్దని గట్టిగా చెప్పండి. ఇవి ఉన్నట్టుండి ఆపేస్తే చాలామందికి తల తిరుగుతుంది, నిద్ర చెడుతుంది, చిరాకు పెరుగుతుంది. ఆపాలన్నా డాక్టరే కొద్దికొద్దిగా డోసు తగ్గిస్తూ ఆపిస్తారు. మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఎందుకంటే మీ తమ్ముడు చదివినదంతా చెత్తేమీ కాదు. నేను మందులు వాడుతున్న రోజుల్లో ఇవే సిద్ధాంతాలు తెగ చదివాను. కొన్ని పనికొచ్చాయి, కొన్ని ఒళ్లు మండించాయి.

ఒళ్లు మండించిన దానితోనే మొదలుపెడతాను. పాల్ ఆండ్రూస్, ఆండర్సన్ థామ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో ఒక వాదన తెచ్చారు. మనిషికి పెద్ద చిక్కు ఎదురైనప్పుడు తిండి మీద, సరదాల మీద మనసు పోకుండా చేసి, ఆ ఒక్క చిక్కునే తవ్వి తవ్వి ఆలోచింపజేయడానికే డిప్రెషన్ పుట్టిందట. వినడానికి బాగుంటుంది. నాది అప్పుడు యూఎస్ షిఫ్ట్. తెల్లవారుజామున క్యాబ్‌లో మాదాపూర్ నుంచి ఇంటికొస్తుంటే, కాల్‌లో మేనేజర్ అన్న ఒక్క మాట బుర్రలో తిరుగుతూనే ఉండేది. "దీనికి కూడా ఇంత టైమా?" అన్నాడాయన, అంతే. ఇల్లు వచ్చేదాకా అదే, పడుకున్నాక అదే, మర్నాడు మళ్లీ అదే. అన్ని రోజుల తవ్వకంలో ఒక్క పరిష్కారం తేలలేదు. ఉన్న చిక్కుకు తోడు "నేను పనికిరానివాణ్ణి" అనే కొత్త చిక్కు మాత్రం తేలింది. మామూలు దిగులు మనిషిని ఆగి ఆలోచించేలా చేస్తుందంటే ఒప్పుకుంటాను. డిప్రెషన్‌లో జరిగేది ఆలోచన అంటే మాత్రం ఒప్పుకోను.

రాండాల్ఫ్ నెస్సీ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ ఇక్కడే సరైన తేడా చూపించాడనిపిస్తుంది. ఫలితం రాని పని మీద శక్తి తగలేయకుండా మనసును వెనక్కి లాగడానికి దిగులు ఉపయోగపడుతుంది, అది మితిమీరి పనిచేస్తే జబ్బు అవుతుంది అంటాడు. మరి ప్రకృతి దాన్ని అంత సున్నితంగా ఎందుకు ఉంచింది? పొగను పసిగట్టి మోగే అలారం ఎండుమిరపకాయల పోపుకు కూడా మోగుతుంది. పోపుకు పదిసార్లు మోగినా నష్టం లేదు, ఇల్లు తగలబడుతున్నప్పుడు ఒక్కసారి మోగకపోతే కొంప మునుగుతుంది. భయం, ఆందోళన లాంటివి కూడా ఈ లెక్కనే అవసరానికి మించి మోగుతాయని ఆయన వివరణ. ఇది చదివాక నాకు నా మీద సిగ్గు కొంత తగ్గింది. ఏ మందూ చేయని పని అది.

ఇంతకంటే నన్ను ఒప్పించింది మరొకటి. జ్వరమొచ్చిన కుక్క తిండి ముట్టదు, మూల చూసుకుని పడుకుంటుంది, పిలిచినా రాదు. ఇది నీరసం వల్ల మాత్రమే కాదని, రోగంతో పోరాడటానికి ఒంట్లోని శక్తిని దాచుకునే పద్ధతని బెంజమిన్ హార్ట్ అనే పశువైద్య శాస్త్రవేత్త 1988లో రాశాడు. మనలోనూ రోగనిరోధక వ్యవస్థ సైటోకైన్లు అనే రసాయనాలు వదులుతుంది. అవి మెదడుకు కబురు పంపితే ఆకలి పోతుంది, నలుగురిలోకి వెళ్లబుద్ధి కాదు, దేని మీదా ఇష్టం ఉండదు. డాక్టర్లు డిప్రెషన్‌కు అడిగే ప్రశ్నల్లో సగం ఇవే కదా! హెపటైటిస్-సి రోగులకు ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా ఇంజెక్షన్లు ఇచ్చిన రోజుల్లో, అంతకుముందు బాగానే ఉన్నవాళ్లలో చాలామందికి డిప్రెషన్ వచ్చింది. ఇంటర్‌ఫెరాన్ కూడా ఒక సైటోకైనే. అలాగని డిప్రెషన్ ఉన్న ప్రతి ఒక్కరిలో ఈ రసాయనాలు పెరిగిన గుర్తులు కనిపించవు, కొందరిలోనే కనిపిస్తాయి.

ఇక ఆధునిక జీవితం సంగతి. మన జాతి వయసు సుమారు 3 లక్షల ఏళ్లు. వ్యవసాయం మొదలై 12 వేల ఏళ్లు కూడా కాలేదు. కరెంటు బల్బు వచ్చి 150 ఏళ్లు కూడా కాలేదు. కాబట్టి మన ఒంటికీ ఇప్పటి జీవితానికీ పొంతన కుదరకపోవడంలో వింత లేదు. కానీ ఎక్కడ కుదరలేదో విడివిడిగా చూడాలి, "మోడర్న్ లైఫ్" అని గంపగుత్తగా తిట్టి లాభం లేదు.

నా విషయంలో అది వెలుతురు. పొద్దున పడుకోవడానికి గది కిటికీకి నల్ల కర్టెన్ వేసి, పక్కల సందుల్లోంచి వచ్చే వెలుగుకు పాత పేపర్లు టేపుతో అంటించాను. మధ్యాహ్నం దాటాక లేచి, తిని, సాయంత్రం క్యాబ్ ఎక్కేవాణ్ణి. మొదటిసారి సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే ఆయన ఉద్యోగం గురించి, ఇంటి గురించి అడిగి, చివర్లో "ఎండలో ఎప్పుడు నిలబడ్డావు బాబూ?" అన్నారు. గుర్తు రాలేదు. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. ఆఫీసు దీపాల వెలుగు 300 నుంచి 500 లక్స్ ఉంటుంది. బయట పగటిపూట నీడలో ఉన్నా 10 వేల లక్స్ దాకా దొరుకుతుంది, నేరుగా ఎండలో అయితే లక్ష. మెదడులోని గడియారం ఏది పగలో ఏది రాత్రో తేల్చుకునేది ఈ తేడాతోనే. చలికాలంలో పగలు బాగా తగ్గిపోయే దేశాల్లో ఆ కాలానికే వచ్చే డిప్రెషన్‌ను 1984లో నార్మన్ రోసెంతాల్ అనే సైకియాట్రిస్ట్ బృందం వర్ణించింది. దానికి 10 వేల లక్స్ దీపం ముందు పొద్దున్నే అరగంట కూర్చోబెట్టడం ఇప్పటికీ చికిత్సే. మనకు ఎండకు కరువేముంది అనుకుంటాం. రాత్రి షిఫ్టువాళ్లు హైదరాబాద్‌లో ఉన్నా ఆ చీకటి దేశంలో ఉన్నట్టే.

అయితే పూర్వీకులు హాయిగా తొమ్మిది గంటలు పడుకునేవాళ్లన్న మాట కట్టుకథ. ఇప్పటికీ ఇంచుమించు పూర్వీకుల్లాగే బతికే టాంజానియాలోని హడ్జా, నమీబియాలోని సాన్, బొలీవియాలోని చిమానే ప్రజల నిద్రను కొలిచి 2015లో ప్రచురించారు. సగటున 5.7 నుంచి 7.1 గంటలే పడుకుంటున్నారు. పొద్దుగూకగానే కూడా కాదు, చీకటి పడ్డాక దాదాపు మూడు గంటలకు. కాకపోతే రోజూ ఇంచుమించు ఒకే వేళకు లేస్తారు, ఎక్కువ వెలుతురు చూసేది పొద్దుటిపూటే. నేను పట్టుకున్నది ఆ రెండు విషయాలనే. ఎనిమిది గంటలు పట్టలేదని టెన్షన్ పడటం మానేశాను.

"మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? ఊరొచ్చి నాలుగు రోజులు పొలం గట్టున తిరుగు, అదే పోతుంది" అనేవాడు మా మేనమామ. ప్రేమతోనే అనేవాడు. కానీ ఆ చిమానే వాళ్లలోనే డిప్రెషన్ లక్షణాల మీద కూడా పరిశోధనలు జరిగాయి. వేట, చేపలు, అరటి సాగుతో బతికే వాళ్లలోనూ అవి ఉన్నాయి. మన దగ్గర అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న రైతులు పల్లెల్లోనే ఉన్నారు, ఎండలోనే పనిచేశారు. ఉమ్మడి కుటుంబమైతే ఇవేవీ ఉండేవి కావన్న మాట కూడా నేను నమ్మను. పదిమంది ఉన్న ఇంట్లో మనసు విప్పడానికి ఒక్కరూ లేని కోడళ్లను మనందరం చూశాం. చుట్టూ జనం ఉండటం వేరు, కష్టంలో పక్కన నిలబడే మనిషి ఉండటం వేరు.

పైగా వంశపారంపర్యం ఒకటుంది. కవల పిల్లల మీద జరిగిన పరిశోధనలను 2000లో కలిపి చూస్తే, మనుషుల మధ్య డిప్రెషన్ తేడాల్లో దాదాపు 37 శాతం జన్యువులతో ముడిపడి ఉన్నట్టు తేలింది. మా ఫ్లోర్‌లో అదే షిఫ్ట్ చేసి నిక్షేపంగా ఉన్నవాళ్లు బోలెడుమంది. కాబట్టి ఈ సిద్ధాంతాలు మనిషి అనేవాడికి డిప్రెషన్ రావడం ఎలా సాధ్యమో చెబుతాయి, మీ తమ్ముడికే ఎందుకొచ్చిందో చెప్పలేవు.

ఇప్పుడు మీ తమ్ముడి అసలు వాదన: రక్షణ అయితే మందులెందుకు? జ్వరమూ రక్షణే, వాంతీ రక్షణే, నొప్పీ రక్షణే. హద్దు దాటితే మూడింటికీ మందు వేసుకుంటున్నాం. పరిణామాన్ని నడిపే ప్రకృతి వరణానికి (నేచురల్ సెలక్షన్) సంతానం మిగిలిందా లేదా అన్నదే లెక్క, మనం సుఖంగా ఉన్నామా అన్నది దానికి పట్టదు. అది ఇచ్చిందంతా మన మంచికే అనుకోవడానికి ఆధారమేమీ లేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో సుమారు 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వచ్చినట్టు తేలింది. మన దేశంలో డిప్రెషన్ ఉన్నవాళ్లలో అత్యధికులు చికిత్సకే నోచుకోలేదు. ఇలాంటి చోట "ఇది జబ్బు కాదు" అనే మాట ఎవరికి నష్టమో వేరే చెప్పాలా?

నేను మందులు వాడాను. అవి పట్టడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ తర్వాతే పొద్దున లేచి మేడ మీద నడిచే ఓపిక వచ్చింది, పగటి షిఫ్ట్ అడిగే ధైర్యం వచ్చింది. నైట్ అలవెన్స్ పోయింది, ఈఎంఐకి ఇబ్బందైంది, అది నిజం. ఇందులో ఏది ఎంత పనిచేసిందంటే విడదీసి చెప్పలేను. ఎండలో నడవమని మీ తమ్ముడికి చెప్పండి, కానీ మందులకు బదులుగా కాదు, వాటితోపాటు. లక్షణాలు తగ్గాక కూడా మామూలుగా కనీసం ఆరు నెలలు వాడమంటారు, మధ్యలో ఆపితే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఈసారి చెకప్‌కు మీరూ వెంట వెళ్లి, ఎన్నాళ్లు వాడాలో అతని ఎదుటే డాక్టర్‌ను అడగండి. ఈలోపు అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనుంది అన్న మాట అతని నోట వస్తే మాత్రం ఈ వాదనలన్నీ పక్కనపెట్టి, ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.