బీటిల్స్ తరువాతి స్థానం ఎవరిది?

ప్రశ్న: తిరుపతిలో ఒక డిగ్రీ కళాశాలలో అధ్యాపకుడిని. మా విద్యార్థులకు పెట్టిన క్విజ్‌లో ‘బ్రిటన్ సంగీతకారుల్లో బీటిల్స్ తరువాత రికార్డులు ఎక్కువగా అమ్ముడైనది ఎవరివి?’ అని అడిగాము. ఒక జట్టు ఎల్టన్ జాన్ అనీ, ఒక జట్టు క్వీన్ అనీ, మరొకటి లెడ్ జెప్పెలిన్ అనీ చెప్పాయి. మా జవాబుల కాగితంలో ఎల్టన్ జాన్ అని ఉంది. మిగిలిన రెండు జట్లూ తమ జవాబుకు ఆధారాలు తెచ్చి చూపిస్తున్నాయి. మార్కు ఎవరికి ఇవ్వాలి?

జవాబు: మీ మూడు జట్ల చేతిలోనూ సరైన ఆధారమే ఉండి ఉంటుందని నా నమ్మకం. ఎందుకంటే ప్రశ్నలో ‘ఎక్కువ’ అన్నారు గాని, ఏ దేశంలో, ఏ రూపంలో, ఎవరు లెక్కపెట్టగా ఎక్కువో చెప్పలేదు.

అమెరికాలో ధ్రువీకరణ పొందిన (అంటే రికార్డు పరిశ్రమ సంఘం అమ్మకాలను లెక్కచూసి ధ్రువపత్రం ఇచ్చిన) ఆల్బమ్‌లనే తీసుకుంటే లెడ్ జెప్పెలిన్ సంఖ్య 11 కోట్లు దాటింది. ఎల్టన్ జాన్ సంఖ్య దాని దరిదాపుల్లోకి రాదు. అదే లెడ్ జెప్పెలిన్ తాము కలిసి పాడిన కాలంలో బ్రిటన్‌లో సింగిల్స్ (ఒకటి రెండు పాటలతో విడిగా అమ్మే రికార్డులు) విడుదల చేయలేదు గనుక, సింగిల్స్ పట్టికలో వారిని వెతకడం వృథా. ఆ పట్టికలో ఎల్టన్ జాన్‌కు ఎదురులేదు: 1997లో యువరాణి డయానా స్మృతిలో ఆయన పాడిన ఒక్క సింగిలే ప్రపంచవ్యాప్తంగా 3 కోట్ల 30 లక్షల ప్రతులు పోయింది. ఇక బ్రిటన్ గడప దాటకుండా ఒక్కొక్క ఆల్బమ్‌నే చూస్తే, మన పంచగనిలో బడికి వెళ్లిన ఫ్రెడ్డీ మెర్క్యురీ పాడిన క్వీన్ వారి 1981 నాటి ఉత్తమ గీతాల సంకలనం 2022లో 70 లక్షల మార్కును దాటింది. అక్కడ ఆ సంఖ్యను అందుకున్న మొదటి ఆల్బమ్ అదే.

మరి అన్నీ కలిపి ఒక్క మొత్తం వేయలేమా అంటే, చిక్కంతా అక్కడే ఉంది. పత్రికల్లో కనిపించే 30 కోట్లు, 60 కోట్లు వంటి సంఖ్యలు చాలావరకు రికార్డు కంపెనీలు ప్రచారానికి చెప్పుకున్నవి. ధ్రువపత్రాలు నమ్మదగినవే, కాని వాటికీ పరిమితులున్నాయి. బ్రిటన్‌లో ఈ పద్ధతి 1973లో మొదలైంది. బీటిల్స్ విడిపోయినది 1970లో. 2013లో అక్కడ అమ్మకాల లెక్కను బట్టి ధ్రువీకరణ దానంతటదే జరిగేలా చేసినప్పుడు కూడా 1994 నుంచి జరిగిన అమ్మకాలనే పరిగణించారు. అందువల్ల 1963లో వచ్చిన బీటిల్స్ తొలి ఆల్బమ్‌కు యాభై ఏళ్ల తరువాత గాని ప్లాటినం (అమ్మకాలు ఒక నిర్ణీత సంఖ్యను దాటితే ఇచ్చే ధ్రువపత్రం) దక్కలేదు. ఆ పాటలను అందరికంటే ముందు కొన్నవారు ఆ లెక్కలో లేరన్నమాట. ఇది నాకు నిజంగా బాధ కలిగించే అన్యాయం.

అమెరికా లెక్కలో మరో విచిత్రం ఉంది. రెండు ప్లేట్ల ఆల్బమ్‌ను అక్కడ రెండుగా లెక్కిస్తారు. అక్కడ ఒక ప్లాటినం అంటే పది లక్షలు. బ్రిటన్ బృందం పింక్ ఫ్లాయిడ్ వారి 1979 నాటి జంట ఆల్బమ్‌కు 23 ప్లాటినంలు వచ్చాయంటే, అంగళ్లకు వెళ్లినవి 2 కోట్ల 30 లక్షల ప్రతులు కావు, అందులో సగమే. ఆన్‌లైన్‌లో వినడం వచ్చాక లెక్క ఇంకా జటిలమైంది. 2016 నుంచి అక్కడ ఒక ఆల్బమ్ పాటలను 1,500 సార్లు వింటే ఒక ఆల్బమ్ అమ్ముడైనట్టు. ప్లేటు కొని అరిగిపోయేదాకా విన్న మనిషి ఒక్క అమ్మకంగానే మిగిలాడు. నేటి శ్రోత విన్న ప్రతిసారీ ఎడ్ షీరన్ వంటి ఈ తరం గాయకుల సంఖ్య పెరుగుతూ ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే వరుసలో పేర్చడం నాకు సమ్మతం కాదు.

మన ఊరి అనుభవంతోనే చూడండి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం 1963లో ఎల్.పి.గా వచ్చింది. తరువాత క్యాసెట్ల కాలంలో ఖాళీ క్యాసెట్, పాటల చీటీ ఇస్తే అంగడివారే పాటలు ఎక్కించి ఇచ్చేవారు. తిరుపతి వీధుల్లో తెల్లవారుజామున వినిపించిన ఆ గొంతు ఉన్న క్యాసెట్లలో ఎన్ని కొన్నవో, ఎన్ని ఎక్కించినవో ఏ కంపెనీ పుస్తకంలో ఉంటుంది? బ్రిటన్ పాటలు కూడా అలాంటి క్యాసెట్లలోనే మన దేశంలో ఎందరి ఇళ్లకో చేరాయి. ఆ శ్రోతలు ఏ పట్టికలోనూ లేరు.

బృందం ఎక్కడ ముగుస్తుంది, మనిషి ఎక్కడ మొదలవుతాడు అన్నది కూడా తేలదు. బీటిల్స్ సభ్యుడైన పాల్ మెకార్ట్నీ విడిగా పాడినవాటికి బీటిల్స్‌లో పాడినవి కలపాలా? 1967లో లండన్‌లో పుట్టి, ఇద్దరు అమెరికన్లు చేరాక 1977లో అతిపెద్ద విజయం చూసిన ఫ్లీట్‌వుడ్ మాక్‌ను బ్రిటన్ ఖాతాలోనే వేయాలా?

నన్నడిగితే, బీటిల్స్ మొదటి స్థానాన్ని అంగీకరించి, ఆ తరువాతి వారికి వరుస సంఖ్యలు వేయకుండా ఒకే శ్రేణిలో ఉంచుతాను. మీ క్విజ్‌లో మూడు జట్లకూ మార్కు ఇవ్వండి. వచ్చేసారి ఈ ప్రశ్ననే అడగదలిస్తే, ‘అమెరికాలో ధ్రువీకరణ పొందిన ఆల్బమ్‌ల ప్రకారం’ అన్న మాటనూ, ఆ పట్టిక ఏ తేదీదో కూడా ప్రశ్నలోనే చేర్చండి.